నా పేరున వచ్చిన సమన్లు

దుప్పటి మడత పెట్టాలి, రెండో కొస కాస్త పట్టుకోండి అంటే మా ఆయన నా చేతిలో కాగితాలు పెట్టాడు. "ముందు సంతకం పెట్టు. పన్నుల ఆఫీసు మీద కోర్టులో కేసు వేస్తున్నాం." వేస్తున్నది నేనట! టైల్స్ షాపు నా పేరు మీద ఉంది కాబట్టి సమన్లు నాకే వచ్చాయి, స్వయంగా హాజరై జవాబులు చెప్పమని. ఆ సమన్లు చెల్లవని కొట్టేయించడానికి ఈ కేసు. పెళ్ళయిన కొత్తలో "నీ పేరు పెడితే కలిసొస్తుందే" అంటే మురిసిపోయాను, పిచ్చిదాన్ని. ఆ షాపుకి నేను చేసిందల్లా ఫ్లాస్కుల్లో టీ పంపడం. "ఓనరుగారూ, చక్కెర తక్కువైంది" అని షాపు చూసుకునే మా మరిది వేళాకోళం. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

దుప్పటి కొస గడ్డం కింద నొక్కిపట్టి నేనే మడిచాను. కాగితాలు తిరగేస్తుంటే "అవన్నీ నీకెందుకే" అన్నాడు. అయినా చదివాను. 'పిటిషనర్ కేవలం గృహిణి. వ్యాపారం గురించి ఆమెకు ఏమీ తెలియదు.' ఒళ్ళు మండిపోయింది. తెలియనిచ్చారా? షాపు సంగతి ఎత్తితే చాలు, "కూర మాడుతోంది చూడు" అనేవాడు. పోనీ, తెలియదన్న మాటైనా నన్ను చెప్పనివ్వచ్చుగా? ఇన్నేళ్ళలో నన్ను కూర్చోబెట్టి, మీరేమంటారు అని అడుగుతానన్నది ఆ ఆఫీసొక్కటే. అది జరక్కుండా ఆపడానికి ఇంటిల్లిపాదీ కోర్టుకెక్కుతున్నారు. "ఆడమనిషి ఆఫీసుల చుట్టూ తిరిగితే పరువేం కాను?" అంటుంది అత్తయ్య. కరెంటు బిల్లు క్యూలో నేను గంటలకొద్దీ నిలబడ్డప్పుడు ఈ పరువు ఎక్కడ నిద్రపోయిందో!

మర్నాడు లాయరు ఆఫీసుకి ముగ్గురం వెళ్ళాం, మా ఆయన, మరిది, నేను. లాయరు నా వైపు చూడనైనా చూడకుండా మా ఆయనతోనే మాట్లాడాడు. "అమ్మగారు కోర్టుకి రానక్కర్లేదు, సంతకం చాలు." పెట్టాను. గుమాస్తా దాన్ని షాపు కాగితాల పక్కన పెట్టి చూసి నసిగాడు. "సార్, కలవడం లేదు."

ఆ కాగితాల నిండా నా పేరే, గుండ్రంగా, కింద గీతతో. నేనెప్పుడూ గీత గీయను. మరిది తల వంచుకున్నాడు. "ప్రతిదానికీ ఇంటికెక్కడ పరిగెత్తను వదినా, నేనే పెట్టేసేవాణ్ణి."

"రేపు కేసు ఓడిపోతే వీటికి జవాబుదారు ఎవరు?" లాయర్ని అడిగాను.

"కాగితం మీద మీరేగా అమ్మా."

మా ఆయన తెల్లకాగితం, పెన్నూ నా ముందుకు తోశాడు. "కొంపలేం మునిగిపోలేదు. వాడు పెట్టినట్టే పెట్టు. నాలుగుసార్లు రాస్తే అదే వచ్చేస్తుంది."

నా సంతకం నేను మరిదిని చూసి నేర్చుకోవాలి! అరికాలి మంట నెత్తికెక్కింది. మరిది పాపం, నేర్పడానికి కుర్చీ దగ్గరికి కూడా జరుపుకున్నాడు.

పెన్నుకి మూత పెట్టేశాను. "ఈ కేసు వద్దండీ. సమన్లు నాకొచ్చాయి, నేనే వెళ్తాను" అన్నాను లాయరుతో.

మా ఆయన గొంతు లేచింది. "వెళ్ళి ఏం చెప్తావే? నీకేం తెలుసని?"

"నా సంతకం కింద గీత ఉండదని తెలుసు. అదే చెప్తాను."