మావయ్యగారి యాంటెన్నా

పొద్దున్నే ఐదున్నరకి యాంటెన్నా గొంతు సవరించుకునేది. ముందు చిన్న దగ్గు, తరవాత కడుపులోంచి తవ్వి తెచ్చినట్టు ఒక ఖాండ్రింపు, ఆ వెంటనే ‘తుపుక్’మని చప్పుడు. రేవులో కట్టేసిన పడవల్లో కాపురముండే వాళ్లంతా ఆ చప్పుడుకే లేచి పొయ్యిలు ముట్టించుకునేవాళ్లు. యాంటెన్నా ఉన్న పడవలో కోడలు మాత్రం అప్పటికే బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని దాని గొట్టం కింద నిలబడి ఉండేది. పడ్డ కళ్లె చెక్కల సందుల్లోకి జారకముందే తుడిచెయ్యాలి. జారిందా, ఇక మధ్యాహ్నం దాకా పుల్లతో గీక్కోవడమే.

అది ఆమె మావగారి ఉమ్ము. ఆయన పోయి మూడేళ్లయింది.

బతికున్నన్నాళ్లూ పెద్దాయన ఆ గొట్టానికి వీపు ఆనించి కూర్చునేవాడు. కూర్చున్నచోటే ఉమ్మేవాడు. మూడడుగుల అవతల నది ఉంది, తల తిప్పితే చాలు. తిప్పేవాడు కాదు. “కోడలుందిగా” అనేవాడు. ఆయన పోయాక మంచం ఖాళీ అయింది, టీవీ చెడిపోయింది, ఉమ్ము మాత్రం యాంటెన్నాలోంచి వేళ తప్పకుండా వస్తూనే ఉంది. పక్క పడవల వాళ్లు బట్టలు కాస్త ఎడంగా ఆరేసుకోవడం నేర్చుకున్నారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. పెద్దవాళ్లు వదిలిపోయినవి ఎవరో ఒకరు ఎత్తిపోసుకోవాల్సిందేగా.

ఆయనుండగా పన్నెండేళ్లు, పోయాక మూడేళ్లు. ఆ ఐదున్నర కోసం కోడలు సొంత చెల్లెలి పెళ్లిలో కూడా ఒక్క పూటే ఉండి, పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చేసింది. ముక్కుకి వాసన, చేతికి జిగురు తెలియడం ఎప్పుడో మానేశాయి. గుడ్డ ఉతికిన చేత్తోనే అన్నం కలుపుకునేది.

ఆ వారం ఆమె మొగుడు కొత్త టీవీ తెచ్చాడు. దాంతోపాటు గిన్నె మూతంత తెల్లటి యాంటెన్నా ఒకటి వచ్చింది. అది బిగించడానికి రేవు బజార్లో రిపేరు షాపు నడిపే మెకానిక్కుని పిలిచాడు. నలభై ఏళ్లావిడ, బొద్దుగా ఉంటుంది, చెవి మీద ఎప్పుడూ టెస్టరు దోపుకుని తిరుగుతుంది.

మెకానిక్కు నిచ్చెన వేసుకుని గొట్టం ఎక్కింది. పైనంతా పక్షుల రెట్టలు అట్టలు కట్టి ఉన్నాయి. సగం కడ్డీలు విరిగిపోయాయి. మిగిలినవాటి నుంచి పచ్చటి జిగురు తీగలు తీగలుగా వేలాడుతోంది, అందులో చచ్చిన ఈగలు. యాంటెన్నాని గొట్టానికి పట్టి ఉంచే క్లాంపు తుప్పు పట్టి, ముట్టుకుంటే పెచ్చులూడుతోంది. ఆవిడ పళ్ల బిగువున పానా వేసి తిప్పింది. కూర్చున్నచోటు నుంచి కదిలిస్తే ముసలాళ్లు కసురుకున్నట్టు, యాంటెన్నా ఒక్కసారి ఖాండ్రించి ఆవిడ మణికట్టు మీద ఉమ్మింది.

మెకానిక్కు దబదబా దిగివచ్చి, పడవ అంచు పట్టుకుని, నదిలోకి తల వంచి వాంతి చేసుకుంది. పొద్దున తిన్నదంతా వెళ్లిపోయాక కూడా వికారం ఆగలేదు.

“కాస్త నీళ్లు పొయ్యి, చెల్లీ.” చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది. “ఇది రోజూ ఎవరు తుడుస్తారు?”

“నేనే.”

“ఎలా తుడుస్తావ్?”

కోడలికి ఆ మాట అర్థం కాలేదు. “గుడ్డతో” అంది.

మెకానిక్కు ఆమె వంక చూసింది. అందులో జాలి లేదు, ఎగతాళీ లేదు. మురుక్కాలవ పక్కన విస్తరేసుకుని తింటున్న మనిషిని చూసినట్టు చూసింది. పదిహేనేళ్లలో ఆమెను అలా ఎవరూ చూడలేదు.

“నేనొక్కదాన్నే క్లాంపు ఊడదియ్యలేను. కింద నుంచి నువ్వు గొట్టం ఎత్తిపట్టగలవా?”

“పైనుంచే పట్టుకుంటా” అని కోడలు కొంగు దోపుకుని, నిచ్చెన అక్కర్లేకుండా గొట్టం ఎక్కేసింది. రెండు కాళ్లతో పెనవేసుకుని, ఒక చేత్తో యాంటెన్నాని పట్టుకుని, “ఊఁ, తిప్పక్కా” అంది. సరిగ్గా అప్పుడే ఆమె ముక్కు తెరుచుకుంది. కుళ్లిన చేపా, పాత చుట్టముక్కా, పాచిపళ్లూ కలిసిన కంపు గుప్పున కొట్టింది. ఒళ్లంతా జలదరించింది. తన చేతులకేసి చూసుకుంటే, ఆ చేతుల్ని ఎక్కడ పారెయ్యాలో తెలియలేదు. అయినా పట్టు వదల్లేదు. పని అయ్యేదాకా పళ్లు బిగబట్టింది.

మొగుడు ఒడ్డు నుంచి వచ్చేసరికి కొత్త యాంటెన్నా తెల్లగా మెరుస్తోంది. పాతది గోనెపట్టా మీద పడుంది.

“దాన్ని పాతసామాన్లోకి పంపించెయ్యండి” అంది మెకానిక్కు.

“మా నాన్న చేత్తో బిగించుకున్నది. పోనిస్తానా?” అన్నాడతను. దాన్ని గోనెతో సహా ఎత్తి, లోపల తండ్రి మంచం మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు. పెళ్లానికేసి తిరిగి, “ఇక నీకూ సుఖమే. ఎండలో, వానలో నిలబడక్కర్లేదు. మంచం కిందో పళ్లెం పెడితే సరి” అన్నాడు.

మెకానిక్కు సామాన్లు సర్దుకుంటూ కోడల్ని పక్కకి పిలిచింది. “ఎత్తంటే భయం లేదు నీకు. నా దగ్గర పనికొస్తావా? పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలి.”

“పొద్దున కుదరదక్కా. పని ఉంటుంది.”

“ఏం పని?”

కోడలు చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన మాటే రోత పుట్టించి, మింగేసింది.

ఆ సాయంత్రం మొగుడు కొత్త టీవీ ముందు కూర్చుని తింటుంటే ఆమె కంచం ముట్టలేదు. చేతులు కడిగీ కడిగీ వేళ్లు నానిపోయాయి. చివరికి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

“రేపటి నుంచి నేను తుడవనండీ.”

“ఏమైంది ఇప్పుడు?”

“అసహ్యంగా ఉంది.”

“పదిహేనేళ్లుగా లేని అసహ్యం ఇవాళ పుట్టుకొచ్చిందా?”

“ఇవాళే వచ్చింది.”

అతను టీవీ గొంతు పెంచాడు. ఆడవాళ్ల అలకలు తెల్లారేసరికి తీరతాయని అతని లెక్క.

తెల్లారింది. మంచం మీద దగ్గు వినిపించింది. ఆమె అప్పటికే స్నానం చేసి, గోడకి ఆనుకుని జడ వేసుకుంటోంది. మొగుడు కళ్లు మూసుకుని, నిద్ర నటిస్తున్నాడు. ఖాండ్రింపు వచ్చింది, ఆ ఇరుకు గదిలో గోడలు దద్దరిల్లేంతగా. మంచం కింద పళ్లెం లేదు. గుడ్డ మేకుకి వేలాడుతోంది. ఆమె జడ పాయలు తిప్పుతూనే ఉంది.

ఉమ్ము పడలేదు. నోట్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టు యాంటెన్నా గరగరమంటోంది. మొగుడు ఒక కన్ను తెరిచి గుడ్డ వంక చూశాడు, మంచం వంక చూశాడు, మళ్లీ మూసుకున్నాడు. ఇద్దరు మగాళ్లూ ఒక మనిషి లేస్తుందని ఎదురుచూశారు. పక్క పడవలో ఎవరో పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది.

అప్పుడు, గదిలో అందరికీ వినపడేలా, మంచం మీద పెద్ద గుటక పడింది.

మొగుడు లేచి కూర్చున్నాడు. అతని మొహం ఆముదం తాగినట్టయింది. కింద నుంచి పైదాకా ఒళ్లు కుదిపేసుకుని, “ఛీ” అన్నాడు. తండ్రి విషయంలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు.

మంచం మీద నుంచి మళ్లీ ఏ చప్పుడూ రాలేదు. ఆ రోజనే కాదు, ఆ తరవాత ఎప్పుడూ.

కోడలు జడకి రబ్బరు బ్యాండు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఒడ్డుకి వేసిన బల్ల మీదుగా నడిచింది. వెనక నుంచి మొగుడు ఏదో అడిగాడు గానీ, గాలికి వినపడలేదు.

షాపు దగ్గర మెకానిక్కు అప్పుడే షట్టరు ఎత్తి నిచ్చెన బయటికి లాగుతోంది. ఆమెను చూసి ఆగింది.

“పొద్దున పని ఉంటుందన్నావ్?”

“ఉండేది” అంది కోడలు, నిచ్చెన రెండో కొస అందుకుంటూ.