లేయమ్మ సమాధిలో ఎవరు?

ఎస్సెల్సీ లెక్కల పరీక్షలో నన్ను గట్టెక్కించింది లేయమ్మేనని చాలాకాలం నమ్మాను. పరీక్షకి ముందురోజు మా అమ్మ నన్ను సమాధుల దొడ్డికి తీసుకెళ్ళి, గోదావరి గట్టు వారగా ఉన్న లేయమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించమంది. చనిపోయినవాళ్ళకి మొక్కడం మనలో లేదని పాస్టరుగారు ఏటా హెచ్చరించేవారు. మేం మొక్కేవాళ్ళం కాదు, చెప్పుకునేవాళ్ళం. ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆయనా అడగలేదు, మేమూ చెప్పలేదు.

సఖినేటిపల్లి రేవుకి ఇవతల ఉన్న మా పుట్టింటి ఊళ్ళో లేయమ్మ సంగతి తెలియనివాళ్ళు లేరు. తిరగలి విసిరి బతికిన మనిషి. పెద్ద వరద వచ్చినప్పుడు, తనను ఏనాడూ అరుగు ఎక్కనివ్వని మోతుబరి ఇంటి పిల్లల్ని అరటి బోదెల తెప్ప మీద ఒక్కొక్కరినీ గట్టుకి చేర్చింది. ఆఖరి పిల్లని ఒడ్డునున్నవాళ్ళ చేతికి అందించి తను కొట్టుకుపోయింది. నీళ్ళు తీశాక శవం దొరికితే గట్టు వారనే పూడ్చారట. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల పండగకి ఊరంతా కదిలితే మొదటి దీపం ఆమెకే. సొంతవాళ్ళ సమాధుల దగ్గరికి ఆ తర్వాతే వెళ్ళేవాళ్ళం. మా క్లాసులోనే ముగ్గురు లేయలు ఉండేవారు. టీచరు పిలిస్తే ముగ్గురూ లేచేవారు.

డెబ్బై తొమ్మిది క్రిస్మస్ సెలవలకి నేను రాజోలు నుంచి పుట్టింటికి వెళ్ళాను. ఆ ఏడు గాలివానకి చర్చి పెంకులు లేచిపోయి బీరువాలోని పుస్తకాలు తడిసిపోయాయి. పాస్టరుగారు వాటిని వాకిట్లో చాపల మీద ఆరబెట్టిస్తున్నారు. నాకు పాత కాగితం కనిపిస్తే చెయ్యి ఆగదు. కిరాణా కొట్టు పొట్లం విప్పితే పప్పు ఏ డబ్బాలో పోశానో మరిచిపోయి కాగితం చదువుకునే రకం. పొట్టకోసం ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతాను, దురద తీరడానికి వారపత్రికలకి కథలు రాస్తాను. మా ఆయన జోజి తాలూకా ఆఫీసులో పనిచేస్తారు కానీ, అసలు పోలీసు శాఖలో ఉండాల్సింది నువ్వని నన్నే అంటారు.

చాప మీద మిషనువాళ్ళ పాత మాసపత్రికలు ఉన్నాయి. ఒకటి తిరగేస్తుంటే ఒక పేజీ మీద పెద్ద అక్షరాల్లో 'లేయమ్మ' అని కనిపించింది. దానికింద చిన్న అక్షరాల్లో 'కల్పిత కథ'. ఆ కింద, 'మోకా ఇస్సాకు, ట్రైనింగు స్కూలు, రాజమండ్రి'. పందొమ్మిది వందల ముప్పై ఒకటో సంవత్సరం పత్రిక.

నిలబడే చదివాను. వరద, తెప్ప, మోతుబరి పిల్లలు, అన్నీ ఉన్నాయి. మా అమ్మ చెప్పినవీ, నేను మా పిల్లలకి చెప్పినవీ అవే మాటలు. చదవడం అయ్యాక నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు. మనుషుల్లో మనిషనుకున్నామె ఎవరో కుర్రాడి కలంలోంచి ఊడిపడిందంటే, మరి నా లెక్కల మార్కులు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

పైగా ఆ కుర్రాడు నాకు తెలుసు. నాకు అక్షరాలు దిద్దించిన ఇస్సాకు మాస్టారే. ఏకబిగిన చదివించే కథ రాసిన మనిషి, మా చేత ఎక్కాలు తప్ప ఇంకేమీ వల్లె వేయించలేదు. ఆయనకి అప్పటికి డెబ్బై దాటాయి. భార్య పోయాక బడి వెనకాల రెండు గదుల్లో ఒక్కరే వండుకు తినేవారు. ఆ సాయంత్రమే పత్రిక పట్టుకుని వెళ్ళాను.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని కథ మొత్తం చదివారు. నేను అక్కడ ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టున్నారు. మధ్యలో జేబులోంచి పెన్సిలు తీసి ఒక మాట కొట్టేశారు.

"ఘోరమైన వరద అని రాసేను చూడమ్మా. వరదంటే చాలదూ."

కథ మీద ఆయనకి ఎంత మమకారం ఉందో ఆ పెన్సిలు చూస్తేనే తెలిసింది. విజయవాడ వారపత్రిక ఒకటి మరుగునపడ్డ కథల్ని మళ్ళీ అచ్చేస్తోందనీ, దొరికితే పంపమని ఎడిటరుగారు నాకు రాశారనీ చెప్పాను. మీ పేరుతో వస్తుందన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగి మళ్ళీ మామూలైపోయింది. వద్దన్నారు. ఎందుకంటే చెప్పలేదు. నేను గుమ్మం దాటుతుంటే మాత్రం, పత్రిక ఆ ఒక్క రాత్రీ తన దగ్గర ఉంచమని అడిగారు.

అచ్చేసుకోవాలని అంత ఆశ ఉన్నవాడు ఎందుకు వద్దంటాడు? ఈ ప్రశ్న పట్టుకున్నాక నాకు అన్నం సయించలేదు. మర్నాడు దీనమ్మగారి ఇంటికి వెళ్ళాను. ఆవిడ స్త్రీల సమాజానికి పెద్ద. లేయమ్మ సమాధికి ఏటా సున్నం వేసేది ఆవిడే. తన పెద్ద కూతురు కూడా ఒక లేయే. నేను పత్రిక మాట ఎత్తకుండా, లేయమ్మ సంగతి ఊరికి మొదట ఎలా తెలిసిందని మాత్రం అడిగాను.

ఆవిడకి అప్పుడు పదిహేనేళ్ళు ఉంటాయట. చదువొచ్చినవాళ్ళు ఊళ్ళో వేళ్ళమీద లెక్క. ఆదివారం ఆరాధనలో ఉపదేశిగారు బైబిలు బల్ల దగ్గర వాక్యం చదివి, ఆ వెంటనే అదే బల్ల దగ్గర నుంచుని, అదే గొంతుతో మిషను పత్రికలోంచి లేయమ్మ సంగతి చదివి వినిపించారు. ఆడవాళ్ళంతా ఏడ్చారు. చివర్లో ఆమె సమాధి ఎక్కడుందో కూడా ఉంది. గోదావరి గట్టు వారన, జంట తాటిచెట్ల కింద, తలవైపు సగం విరిగిన తిరగలి రాయి. ఆరాధన అవ్వగానే అందరూ సమాధుల దొడ్డికి వెళ్ళి చూస్తే జంట తాళ్ళూ ఉన్నాయి, గడ్డిలో కూరుకుపోయి తిరగలి రాయీ ఉంది.

"రాయే సాక్ష్యం చెప్పిందమ్మా. ఇంకేం కావాలి?" అన్నారు దీనమ్మగారు.

ఏ వరదో, ఏ మోతుబరో ఎవరూ అడగలేదు. గోదావరి పక్కన బతికేవాళ్ళకి వరదకి సంవత్సరం చెప్పాలా? బల్ల దగ్గర చదివినది కథ అవుతుందన్న ఆలోచనే వాళ్ళకి రాలేదు. పేరు కింది చిన్న అక్షరాల్ని ఉపదేశిగారు చదవకుండా వదిలేసినట్టున్నారు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. లేయమ్మ కల్పితం కావచ్చు, రాయి కల్పితం కాదు. ఆ రాయి కింద ఎవరో ఉన్నారు. మళ్ళీ మాస్టారి దగ్గరికి వెళ్ళి సూటిగా ఆ మాటే అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత, "మా అమ్మ" అన్నారు.

ఆవిడ పేరు అచ్చాయమ్మ. ఇళ్ళకి తిరగలి విసిరి కొడుకుని సాకింది. తండ్రి రంగూను వెళ్ళి మళ్ళీ రాలేదు. కలరా వచ్చిన ఏడు పోయినవాళ్ళందర్నీ హడావుడిగా పూడ్చేశారు. సిలువ చేయించే దిక్కు లేదు. పదేళ్ళ ఇస్సాకు ఇంట్లో విరిగిపడి ఉన్న తిరగలి రాయిని దొర్లించుకుంటూ పోయి, గుర్తుకోసం తలవైపు పాతాడు. ట్రైనింగులో ఉండగా కథ రాస్తే దానికి ఒక సమాధి కావలసి వచ్చింది. తనకి తెలిసింది ఒక్కటే కాబట్టి దాన్నే రాశాడు. ఈస్టరుకి పత్రిక సంచిలో పెట్టుకుని, అందరికీ చూపించాలని ఎగురుకుంటూ ఊరొచ్చాడు. తెల్లవారుజామున సమాధుల దొడ్డికి వెళ్తే తల్లి సమాధి చుట్టూ ఊరంతా ఉంది.

"అంతవరకూ ఆ దిబ్బ మీద ఒక్క దీపం ఎలగలేదమ్మా. గేదెలు మేసేయి. ఆ పొద్దు చూస్తే సున్నం, పువ్వులు, ఎన్ని కొవ్వొత్తులో. అది నేను రాసిన కథండీ అంటే అన్నీ ఆరిపోతాయి. నోరు మూసుకుంటే కథ పోద్ది. కథే పోనిమ్మన్నాను."

ఆయన ఆ సమాధికి ఒక్కసారీ దీపం పెట్టలేదు. మొదట్లో అది తన తల్లిదంటే తగవు వస్తుందని భయం. తర్వాత, నలుగురిలో పెట్టినా మనసులో అమ్మా అనుకుంటే ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయం. ఏటా వెళ్ళి గుంపు వెనకాల నిలబడి వచ్చేసేవారు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. మరి ఇంకో కథ ఎందుకు రాయలేదని అడిగితే నవ్వారు. ఒకటి రాస్తే ఊరు మా అమ్మనే తీసేసుకుంది, రెండోది రాస్తే ఏం పోతుందోనని ఊరుకున్నానన్నారు.

కథ అచ్చేద్దామన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. మాట మింగడం నాకు బొత్తిగా అలవాటు లేని పని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాస్టారే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా సంగతి చెప్పారు. ఈ ఈస్టరుకి స్త్రీల సమాజం తరఫున సమాధికి రాతి పలక పెట్టిస్తున్నారట. లేయమ్మ అని పేరు చెక్కించడానికి దీనమ్మగారు మేస్త్రీతో మాట్లాడేశారట.

"ఇన్నాళ్ళూ అది నోటిమాటే కదమ్మా. రాతి మీద పడిపోతే, నేను పోయేక మా అమ్మ అక్కడుందని ఎవరికి తెలుస్తాది? దీపాలు పోతే పోనీ. కథ అచ్చేయించు. కథకి ముందు మాత్రం మా అమ్మ సంగతి రాయి."

అది ఆయనే రాయాలన్నాను. నా ముందే కూర్చుని నాలుగు వాక్యాలు రాశారు. లేయమ్మ లేదనీ, ఆ రాయి కింద ఉన్నది తన తల్లి అచ్చాయమ్మ అనీ, ఊరివాళ్ళు ఇన్నాళ్ళూ ఆమెకే దీపాలు పెట్టారనీ, అందుకు తను వాళ్ళకి రుణపడి ఉన్నాననీ. నేను ఒక్క అక్షరం మార్చలేదు. అచ్చులో చూసేముందు దీనమ్మగారికి తనే చెబుతానన్నారు. రెండుసార్లు ఆవిడ ఇంటిదాకా వెళ్ళి, పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు తిరిగొచ్చేశారు. చివరికి పత్రిక రాగానే ఆ పని నా నెత్తిన పడింది.

దీనమ్మగారు చదువుతున్నంతసేపూ నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పత్రిక మడిచి నా ఒళ్ళో పెట్టారు.

"మరి ఇన్నేళ్ళూ నేనెవరితో మాట్టాడేనమ్మా? బిడ్డ పోయినప్పుడు ఆవిడకే గదా చెప్పుకున్నాను."

పలక పని ఆపించెయ్యమని కొడుకుతో చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో పెద్ద గొడవే అయింది. మాస్టారికి మతి తప్పిందని కొందరు, నిప్పు లేందే పొగ రాదు, లేయమ్మ ఉండే ఉంటుందని కొందరు. రాజోలులో కూర్చుని కథలు రాసుకునే మనిషికి మా సమాధులతో పనేమిటని ఇంకొందరు. ఆ చివరివాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. కథ చాలా బాగుందని వారపత్రికకి ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలు వచ్చాయి. వాటిని తీసుకెళ్ళి ఇస్తే మాస్టారు పక్కన పెట్టేసి, దీనమ్మగారు ఏమైనా అన్నారా అని అడిగారు.

ఈస్టరు తెల్లవారుజామున, ఏం జరుగుతుందో చూడకుండా ఉండలేక, జోజిని వెంటపెట్టుకుని వెళ్ళాను. ప్రార్థన అయ్యాక జనం ఎవరి సమాధుల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఎప్పుడూ మొదట అందరూ చేరే చోట పదిమందిమి కూడా లేము. ఉన్నవాళ్ళు కూడా వెలిగించాలో వద్దో తెలియక కొవ్వొత్తులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. సమాధికి ఆ ఏడు సున్నం కూడా పడలేదు. మాస్టారు అలవాటు ప్రకారం అందరికీ వెనకాలే ఉన్నారు. నా వల్లే ఇదంతా అనిపించి నాకు ఏడుపొచ్చింది.

తూర్పు తెల్లబడుతుండగా దీనమ్మగారు వచ్చారు. చేతిలో సున్నం డబ్బా, కుంచె. ఎవరినీ పలకరించలేదు. వంగి, ఎప్పటిలాగే సమాధి చుట్టూ నింపాదిగా సున్నం వేసి, తిరగలి రాయిని కొంగుతో తుడిచారు. నడుం పట్టుకుని లేచి మాస్టారి వైపు తిరిగారు.

"అమ్మగారి పేరేంటన్నారండి?"

పేరు పత్రికలో ఉంది, ఆవిడ చదివారు కూడా. "అచ్చాయమ్మండి" అన్నారు మాస్టారు.

"లేయమ్మ లేదన్నందుకు మీ మీద నాకు కోపం పోలేదండి మాస్టారు. పోద్దో లేదో కూడా తెలీదు. కానీ కొడుకు ఉండగా మేం ముందు దీపం ఎట్టకూడదు. ఇలా రండి."

మేం పక్కకి జరిగాం. ఆయన నెమ్మదిగా ముందుకి వచ్చారు. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. మూడోది దీనమ్మగారు గాలికి చేతులు అడ్డుపెడితే నిలిచింది. కొవ్వొత్తి వెలిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, రాయి మీద చెయ్యి వేసి, డెబ్బై దాటిన ఆ మనిషి అందరికీ వినపడేలా "అమ్మా" అని పిలిచారు.

ఆయన లేచేదాకా మేమెవరం మా కొవ్వొత్తులు వెలిగించలేదు.