గొడుగు మీది చీరముక్క

ఆగస్టు ఇరవై ఆరు, ఉదయం పదీ ఇరవై. కోరుట్లలో రాత్రి పట్టిన ముసురు అప్పుడే తెరిపి ఇచ్చింది; గాలి ఇంకా తడిగానే ఉంది. కాల్చిన మక్కకంకులకు జనం ఎగబడే అలాంటి పూట, నాగవ్వ బండి వదిలి మున్సిపల్ ఆఫీసు కిటికీ ముందు నిలబడింది. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు మీద ఇచ్చే పదివేల అప్పు చేతికొస్తే, రోజుకు అరవై రూపాయల కిరాయి కడుతున్న బండి తనదవుతుంది. సిరిసిల్ల మరమగ్గాల దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిన భర్త ఎర్రయ్య మందులకు ఆ అరవై చాలు.

"నీ జాగకు కార్డు ఎప్పుడో ఇచ్చినం అవ్వా," అన్నాడు గుమస్తా.

"ఎవ్వలకిచ్చిన్రు సారూ?"

అతను కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. ఫొటోలో ఉన్నది ఆమె బండే. చిరిగిన గొడుగుకు తన పచ్చచీర ముక్కతో వేసుకున్న అతుకు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద విసనకర్ర పట్టుకొని నవ్వుతున్నది మాత్రం పుష్ప. పక్కన జామకాయలమ్మే రాజమణి కోడలు.

"బండి నీదే కావచ్చు. బొమ్మల నువ్వు లేవు గద! సర్వే నాడు ఎవ్వలుంటే వాళ్ల పేరే. ఒక్క జాగకు ఒక్కటే కార్డు."

మున్సిపాలిటీ వాళ్లు బండ్ల సర్వేకు వచ్చిన నాడు నాగవ్వ, తన బిడ్డ మానస కాన్పుకని జగిత్యాల దవాఖానలో ఉంది. ఒకరు కదిలితే రెండోవారు రెండు బండ్లూ చూడాలి, సాయంత్రం గల్లా అప్పగించాలి. ఇది పదకొండేళ్లుగా నాగవ్వకూ రాజమణికీ మధ్య ఉన్న కట్టుబాటు. రాజమణి గల్లా పైసాతో సహా అప్పగించింది. సర్వే సంగతి అడిగితే, "నీ పేరు రాయించిన చెల్లె, ఫికర్ జెయ్యకు," అంది.

నాగవ్వ ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి రాజమణి ఆమె బొగ్గుల మీదే కంకి తిప్పుతోంది.

"నా పేరు నోటికి రాలేదా అక్కా?"

రాజమణి తలెత్తలేదు. "మనిషి లేకుంటే జాగ పోతదన్నరు. పుష్పను నిలవెట్టిన."

"నిలవెట్టినవు, మంచిగనే జేసినవు. మరి పేరు?"

"నా కొడుకు తాగుడు నీకెరుకలేదా చెల్లె? గా పిల్ల ఎట్ల బతకాలె? నీకు మల్లోసారి ఇస్తరనుకున్న."

"గల్లాల పైస ముట్టలేదు గని, జాగనే తీసుకున్నవు."

కంకి ఒకవైపు మాడిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తిప్పలేదు.

కార్డు పుష్ప పేరున ఉండగా ఆ జాగాలో బండి పెట్టే హక్కు లేదు కనుక వారం తిరగకముందే నాగవ్వ భర్తతో, అతను ఒకప్పుడు పనిచేసిన సిరిసిల్లకే మారింది. పుష్ప ఆ పదివేలతో సొంత బండి కొని, వాయిదాలు తప్పకుండా కట్టి, రెండో అప్పూ తెచ్చుకుంది. భర్త తాగుడు మానకపోయినా ఆ ఇంట పొయ్యి ఆరలేదు. ఐదేళ్ల తర్వాత కూడా నాగవ్వ సిరిసిల్లలో కిరాయి బండి మీదే కంకులు కాలుస్తోంది. ఇప్పుడు రోజు కిరాయి ఎనభై.