అద్దం బాదే ఊరు

కెనడాలోని సస్కాచెవాన్‌లో మా ఊరివాళ్లకు ఐస్ హాకీ చూడడమంటే, మంచు మైదానం చుట్టూ ఉండే అద్దాలను పిడికిళ్లతో బాదడమే. చూపులేనివాళ్ల జట్టు మొదటిసారి ఆడిన రోజు, వాళ్ల మీద ప్రేమకొద్దీ ఇంకా గట్టిగా బాదాం. లోపల గుండ్లు పోసిన రేకు బిళ్ల గలగలను బట్టి ఆడేవాళ్లు, అది వినబడక ఒకరినొకరు గుద్దుకున్నారు.

జట్టు నాయకురాలు మార్లిస్ ఆట ఆపి కర్ర ఎత్తింది.

"అద్దం వదలండ్రా! బిళ్ల వినపడి చావట్లేదు!"

ఊరంతా బిక్కచచ్చిపోయింది. మళ్లీ గలగల మొదలైంది. మార్లిస్ కొట్టిన దెబ్బకు బిళ్ల వెళ్లి వలలో పడింది. మేం కిక్కురుమనలేదు.

ఆమె చెవులు రిక్కించి మావైపు తిరిగింది.

"పడిందా, లేదా? ఎవడైనా చెప్పి ఏడవండ్రా!"