ఫోన్లో మా అత్త గొంతు

మా మేనేజరు మంచివాడే, సాయంత్రం ఆరయ్యేదాకా. ఆరవగానే నా మిషను పక్కకి వచ్చి, "ఒక్క గంటమ్మా" అంటాడు. నేను చొక్కాలకి కాలర్లు వేస్తాను. కాలరు ఆగితే నా వెనకాల బటన్లు కుట్టేవాళ్ళకి పనుండదు. అందుకని ఆయన పడేది నా మీదే. ఇంట్లో మా అత్త ఉందని, చేతుల వణుకుతో ఆవిడకి చెంచా నోటిదాకా రాదని, నేను వెళ్ళి తినిపించాలని రోజూ చెప్పేదాన్ని. మా ఆయన లారీ డ్రైవరు, ఎప్పుడో గానీ మొహం చూపించడు. పొరుగువాళ్ళ చేత తినిపించుకోవడం మా అత్తకి నామోషీ. అదీ చెప్పాను. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది గానీ ఆయన చెవికి ఎక్కలేదు.

నిన్న అందరి ముందూ మా ఇంటికి ఫోన్ చేశాడు, స్పీకరు పెట్టి మరీ. కోడలు కాస్త ఆలస్యంగా వస్తే ఇబ్బందా అని అడిగాడు.

"ఇబ్బందేముంది బాబూ? నా తిండి నేను తింటాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంచుకోండి" అంది మా అత్త.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ తేనె గొంతుతో నన్ను ఒక్కసారి పిలిచి ఉంటే ఒట్టు. బటన్లవాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మీద కారాలూ మిరియాలూ నూరుతూ ఆ గంటా, దాని వెనకాల ఇంకో గంటా కుట్టాను.

ఇంటికి వెళ్ళేసరికి మా అత్త నేలమీద కూర్చుని, ఒలికిన తిండిని పాతగుడ్డతో తుడుస్తోంది. చెంచా మంచం కింద పడి ఉంది. తిన్నావా అంటే తిన్నానంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో అలా ఎందుకు చెప్పావని ఒంటికాలి మీద లేచాను.

"నా మూలంగా నీ ఉద్యోగం పోతే ఎలాగే?" అంది, ఎప్పటి కరుకు గొంతుతోనే.

నాకు ఏడుపొచ్చింది. మిగిలింది వేడిచేసి తినిపించాను.

ఇవాళ ఆరవగానే మేనేజరు వచ్చాడు. కుదరదన్నాను. ఆయన నవ్వుతూ ఫోన్ తీశాడు.

"చెయ్యండి" అన్నాను. "పస్తు కూర్చునైనా సరే, ఇబ్బంది లేదనే చెబుతుంది. అందుకే నేను వెళ్ళాలి."

బటన్లవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను మిషను ఆపేసి సంచి తీసుకున్నాను.