ఆదివారపు ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడే ఇత్తడి గిన్నెను, ఒక పక్కన చిన్న ముక్కు. అజ్జరంలో ఒక కంచరి నన్ను కొట్టి మెరుగుపెడితే, తణుకు నుంచి వచ్చిన మాణిక్యాంబ నా ముక్కు వంకరగా ఉందని బేరమాడి మరీ కొనుక్కుంది. ఆవిడ చేతిలో నా పని పిల్లలకి ఆముదం పట్టడం. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, వాళ్ళ ముక్కు మూసి, నా ముక్కు నోట్లో పెట్టేది. ఆముదం తాగిన మొహం అంటారే, ఆ మొహాలు నేను చూసినన్ని ఎవరూ చూసి ఉండరు. మనవడు కామేశ్ అయితే నన్ను అలమారలోంచి తీస్తున్న చప్పుడుకే మంచం కిందికి దూరేవాడు.

మాణిక్యాంబ పోయిన చాలా ఏళ్ళకి, ఆ కామేశే నన్ను అటక మీంచి దింపి కళ్ళకద్దుకున్నాడు. మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు. అప్పటికి అతనికి నిహిత అని తొమ్మిదేళ్ళ కూతురు. ఎవరో అతనికి 'కడుపు శుద్ధి చూర్ణం' అని ఓ డబ్బా అంటగట్టారు. రోగాలన్నీ పేగుల్లో పేరుకున్న పాత మలం వల్లేనట, వారం వారం కడిగేస్తే ఇంటిల్లిపాదికీ డాక్టరు అక్కర్లేదట. ఆకులూ వేర్లే కదా, ఏం చేస్తాయని అతని ధీమా. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ పొడి గోరువెచ్చని నీళ్ళలో కలిపి నాతో కొలిచి అతనూ భార్యా కూతురూ ముగ్గురూ తాగేవారు. ఉన్నది ఒక్కటే బాత్రూమ్. ఆ తిప్పలు పడ్డాక, ఎవరికి ఎంత సాఫీగా అయిందో కామేశ్ ఫోన్లో ఆ చూర్ణం వాడేవాళ్ళ గ్రూపుకి రాసేవాడు. అవతలివాళ్ళు పూలగుత్తుల బొమ్మలు పంపేవారు.

ఒక ఆదివారం నిహిత మంచం దిగలేదు.

"నాన్నా, కుడి పక్క పొడుస్తోంది. ఇవాళ్టికి వద్దు నాన్నా."

"రాత్రి నుంచి వాంతులండీ. ఒకసారి డాక్టరుగారికి చూపిద్దాం," అంది తల్లి సుహాసిని.

కామేశ్ గ్రూపుని అడిగాడు. పాత మలం కదులుతోంది, శుభసూచకం, మోతాదు పెంచండి అని జవాబొచ్చింది.

"చూశావా? వాంతులు కూడా మంచివేనంట. విషం రెండు దార్లా పోతోంది. ఒక్క గుటక తల్లీ, మా అమ్మవి కదూ," అంటూ నన్ను అంచుదాకా నింపాడు. ఆ పిల్ల పెదాలు వణుకుతున్నాయి. వంకర ముక్కుదాన్ని కదా, పక్కకి ఒలికిపోవాలని ఎంత కోరుకున్నానో. చుక్క కూడా ఒలకలేదు.

మధ్యాహ్నం నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. 'పాప తేలికపడింది' అని కామేశ్ రాశాడు. పూలగుత్తులే పూలగుత్తులు. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు కాలిపోతూ పొట్ట బల్లలా బిగిసిపోయింది.

ఆసుపత్రికి పరిగెడుతూ కూడా డబ్బాతో పాటు నన్ను సంచిలో వేసుకున్నాడు మహానుభావుడు. అందుకే డాక్టరమ్మ మాటలు నా చెవిన పడ్డాయి.

"అపెండిక్స్ పగిలి చీము కడుపంతా పాకింది. నొప్పి తగ్గిందన్నారే, అది పగిలినప్పుడే. కడుపునొప్పి మీద విరేచనాల మందు ఎవరు పోశారండీ?"

సుహాసిని సంచి వైపు చూసింది. కామేశ్ గోడ వైపు చూశాడు.

పిల్ల బతికింది. పొట్ట మీద పొడుగాటి కోతతో ఇంటికొచ్చింది. ఇక తప్పెవరిదో తేలాలి. గ్రూపే తేల్చింది. చూర్ణం అమృతమట, చిలుము దిగి విషం చేసింది పాత ఇత్తడేనట, చెక్క గిన్నె వాడాలట. ఆ మాట దొరకగానే కామేశ్ గుండెల మీది బరువు దిగిపోయింది. నాకు మాత్రం అతనికన్నా సుహాసిని మీదే ఎక్కువ కోపం. ఆవిడకి అన్నీ తెలుసు. తెలిసే నన్ను తీసుకెళ్ళి పాతసామాన్లవాడి చేతిలో పెట్టింది.

ఇప్పుడు తుక్కు కొట్లో విరిగిన కుళాయిల మధ్య పడి ఉన్నాను. కరిగిస్తారట, కరిగించనీ. నా ఏడుపంతా గోనెలో పడేముందు చూసిన నిహిత మొహం గురించే. గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచొచ్చి, నేను పోతున్నందుకు ఆ పిల్ల హాయిగా నవ్వింది.

"ఇక ఆదివారం మందు ఉండదు కదమ్మా?"

తల్లి పాతసామాన్లవాడిచ్చిన చిల్లర లెక్కపెట్టుకుంది. లోపల కామేశ్ కొత్త చెక్క గిన్నె కడుగుతున్నాడు.