కోరలీ రమ్మన్న చోటు

ఎక్కడికి వెళ్ళినా బండి ఎక్కడ ఆపాలో తేల్చేది డెల్ఫా, తోలేది రాయిస్. వాళ్ళ కాపురంలో ఆ పంపకం ఎప్పుడో జరిగిపోయింది. నెబ్రాస్కాలో మొక్కజొన్న పొలం కౌలుకిచ్చేసి, పడకా వంటిల్లూ స్నానాలగదీ ఉన్న బస్సంత ఆర్వీ కొనుక్కున్నాక ఆ అలవాటు మరీ గట్టిపడింది. ఇలాంటి బండ్లు అద్దెకి నిలుపుకునే ఏ పార్కులో నీడ ఉంది, ఎక్కడ వెనక్కి తోలే పని లేకుండా బండి నేరుగా పెట్టెయ్యొచ్చు, ఎక్కడ నీళ్ళ ధార బాగా వస్తుంది, ఎక్కడ పక్కనే రైలు పట్టాలుండి నిద్ర పాడవుతుంది, ఇవన్నీ ఆవిడే ఫోన్లు చేసి కనుక్కునేది. ఇన్నేళ్ళలో రాయిస్ ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

అందుకే ఆ ఆగస్టు ఉదయం ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, "చెరువు పక్క పార్కు వద్దు డెల్ఫా" అన్నప్పుడు ఆవిడ తను సరిగ్గా వినలేదేమో అనుకుంది.

"ఏంటీ?"

"డెన్వర్‌కి ఉత్తరాన ప్లాట్ బెండ్ అని ఒక పార్కుంది. అక్కడ దిగుదాం."

"దాని ఫొటోలు చూశావా అసలు? ఓ పక్క హైవే, ఇంకో పక్క గోదాములు. చెట్టన్నది కంటికి ఆనదు. చెరువు దగ్గరైతే పొద్దున్నే కుర్చీ వేసుకుని నీళ్ళు చూస్తూ కూర్చోవచ్చు కదా."

"ప్లాట్ బెండే బాగుంటుంది" అన్నాడు రాయిస్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"ఇన్నేళ్ళకి నీకూ అభిప్రాయాలు మొలిచాయన్నమాట" అని డెల్ఫా నవ్వింది. ఆయన నవ్వలేదు.

డెన్వర్‌లో ఉన్నది డెల్ఫా తమ్ముడు గేలన్, అతని భార్య కోరలీ. మార్చి నెలలో ఒమాహా ఆసుపత్రిలో డెల్ఫాకి ఛాతీ కోసి గుండె ఆపరేషన్ చేశారు. ఆ తరవాత ఆవిడ ఊరు దాటడం ఇదే మొదలు. డాక్టరు సరే అన్న రోజే కోరలీని చూడాలని బయల్దేరదీసింది. వాళ్ళుండే వీధిలో ఆర్వీలు నిలపనివ్వరు కాబట్టి ఊరి బయట పార్కు వెతకాల్సి వచ్చింది.

కోరలీ పేరుకి మరదలే గానీ, డెల్ఫాకి తోడబుట్టినదానికన్నా ఎక్కువ. ఈమధ్య చెవులు బొత్తిగా వినపడటం లేదని గేలన్ చెప్పినప్పటినుంచీ ఫోనులో మాటలు పోయి రాతలే మిగిలాయి. పడక మీద కదల్లేకుండా పడున్న రోజుల్లో డెల్ఫా ఏ మాట రాసినా అవతలినుంచి జవాబొచ్చేది. ఇప్పుడూ పార్కు సంగతి రాసింది. కాసేపటికి జవాబు వచ్చింది.

"చెరువు దోమలు నిన్ను ఎత్తుకుపోతాయి వదినా. ప్లాట్ బెండ్‌కి రా."

"నువ్వూ నా మొగుడూ ఒక్కటయ్యారన్నమాట" అని రాసి, డెల్ఫా చెరువు పార్కు మాట వదిలేసి ప్లాట్ బెండ్‌కి ఫోన్ చేసింది. నాలుగు రోజులకి జాగా ఉందన్నారు.

బయల్దేరిన రోజు దారి పొడుగునా మాట్లాడింది డెల్ఫా ఒక్కతే. ఫోర్ట్ మోర్గన్ ఊరు దాటి డెన్వర్ దగ్గరపడ్డాక రాయిస్ పూర్తిగా మూగబోయాడు. ఎండ చురుక్కుమంటోంది. పార్కులోకి తిరిగేసరికి కంకర మీద దుమ్ము లేచింది. వరసగా తెల్లటి ట్రైలర్లు, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇళ్ళు, వాటి ముందు మడతకుర్చీలు, ఒకచోట కుండీల్లో టమాటా మొక్కలు. డెల్ఫా అనుకున్నంత అన్యాయంగా ఏం లేదు.

వాళ్ళకిచ్చిన జాగా ముందు ఎవరో మనిషి నిలబడి, చేతులూపుతూ బండిని సరిగ్గా పెట్టిస్తున్నాడు. తలకి టోపీ, కాళ్ళకి చెప్పులు. బండి ఆగాకగానీ డెల్ఫా పోల్చుకోలేదు.

"ఒరేయ్ గేలన్!" అని దిగుతూనే మీద పడి కావలించుకుంది. "ఎదురొచ్చావా? నేను రేపు మీ ఇంటికే వస్తానన్నానుగా! ఎంత చిక్కిపోయావురా!"

గేలన్ ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదు. చాలాసేపు వదల్లేదు.

"సరే సరే, ఎముకలు విరిగిపోతాయి. డాక్టర్లు కుట్టినవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఏదీ మీ ఆవిడ?"

పక్క జాగాలో ఒక ట్రైలర్ ఉంది, తలుపు తీసే ఉంది. గుమ్మంలో ఉన్న పచ్చరంగు తోట చెప్పులు కోరలీవని డెల్ఫా చూడగానే గుర్తుపట్టింది. ఇంకేముంది, అంతా అర్థమైపోయినట్టనిపించింది.

"ట్రైలర్ కొన్నారా! మాకు చెప్పకుండా! అందుకా ఇక్కడికి రమ్మని పట్టుబట్టింది? దాక్కుందా లోపల? ఉండు, దాని పని చెబుతా."

జేబులోంచి ఫోను తీసి, పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటూ రాసింది: "దొరికిపోయావ్. బయటికి రా."

పంపింది.

టింగుమని చప్పుడైంది. ట్రైలర్లోంచి కాదు. గేలన్ చొక్కా జేబులోంచి.

డెల్ఫా ఆ జేబు వంక చూసింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, అది దించుకోవాలని ఆవిడకి తోచలేదు.

"దాని ఫోను నీ దగ్గరుందేంట్రా?"

"అక్కా, కూర్చో."

"కూర్చోను. చెప్పు."

గేలన్ టోపీ తీశాడు. "కోరలీ లేదక్కా."

"ఎక్కడికెళ్ళింది?"

"మార్చిలో పోయింది."

"పోవడమేంటి? నిన్నొదిలేసి పోయిందా? పోట్లాడుకున్నారా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తెలిసింది డెల్ఫాకి. తెలిసినా లోపలికి దిగలేదు. మొన్న మంగళవారం కోరలీ ఏం వండిందో ఈవిడకి తెలుసు. దోమల గురించి మొన్ననే నవ్వుకున్నారు.

"రాయిస్!" అని వెనక్కి తిరిగింది. "విన్నావా వీడేమంటున్నాడో?"

రాయిస్ నీళ్ళ గొట్టం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని కొళాయికి తగిలించనూ లేదు, కింద పెట్టనూ లేదు. ఆయన ముఖంలో బాధ ఉంది, భయం ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

నలభై ఏళ్ళుగా చూస్తున్న ముఖం. అందులో ఏం లేదో డెల్ఫాకి ఒక్క చూపులో తెలిసిపోయింది.

"నీకు తెలుసు" అంది.

"డెల్ఫా..."

"నీకు మార్చి నుంచీ తెలుసు."

చెయ్యి చాచి బండి మెట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే ముందుకొచ్చారు. "తాకొద్దు" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

అక్కడే, మెట్టు మీద కూర్చున్నాక, గేలన్ చెప్పాడు. ఫిబ్రవరిలో ఇల్లమ్మేశారట. ట్రైలర్ కొన్నారట. డెల్ఫాకి చెప్పొద్దని కోరలీయే ఒట్టు పెట్టించింది. వదిన ఆపరేషన్ అయి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తనుండాలి, తరవాత వాళ్ళ పెరట్లోనే ట్రైలర్ పెట్టుకుని వేసవి దాకా దగ్గరుండి చూసుకోవాలి, ఇదీ ఆమె ఆలోచన. రాయిస్ ఒక్కడికే చెప్పింది. బయల్దేరిన రోజు సాయంత్రం ట్రైలర్ లాగడం ఇంకా చేతకాక, ఊరు దాటీ దాటగానే ఈ పార్కులో ఆగారు. కోరలీ సూప్ వేడిచేస్తూ, తలనొప్పిగా ఉందని చెప్పి, గరిటె కింద పడేసింది. అంబులెన్స్ వచ్చింది. తలలో నరం చిట్లిందన్నారు. మర్నాడు పొద్దున్నే పోయింది.

"అదే పొద్దున నీ ఆపరేషనక్కా. బావకి ఫోన్ చేశాను."

"ఆసుపత్రి వరండాలో ఉన్నాను" అన్నాడు రాయిస్. "అప్పుడే నిన్ను లోపలికి తీసుకెళ్ళారు. డాక్టర్ని అడిగాను. కొన్నాళ్ళు ఏ దెబ్బా తగలనివ్వొద్దన్నాడు."

"కొన్నాళ్ళన్నాడు" అంది డెల్ఫా. "ఇప్పుడు ఏ నెల?"



ఆవిడ లేచి నడిచింది. ఎక్కడికని లేదు. వరస చివర బట్టలుతుక్కునే గది కనపడింది, అందులోకి వెళ్ళి కూర్చుంది. ఎవరివో బట్టలు యంత్రంలో గిర్రున తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ, నాకోసం బయల్దేరి పోయింది, అనుకుంది. ఏడుపు రాలేదు.

ఫోను తీసి పాత రాతలన్నీ కిందినుంచి పైకి జరిపింది. ఏప్రిల్‌లో ఒకరోజు రాసింది: "రాయిస్ నిద్రలో కూడా నా పక్కటెముకల మీద చెయ్యేసి ఊపిరి చూసుకుంటున్నాడు. నేను చచ్చిపోతానని ఆయనకి భయం. నాకూ భయంగానే ఉంది కోరలీ, ఆయనకి చెప్పలేను."

కింద జవాబు: "భయం ఉందంటే బతకాలని ఉందని. ఆ చెయ్యి తియ్యకు వదినా. అక్కడే ఉండనీ."

ఆ వేసవంతా ఈ మాట పట్టుకునే బతికింది ఆవిడ. ఆ మాట రాసింది భార్యని పూడ్చిపెట్టి నెల తిరగని మనిషి.

గేలన్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"అన్నీ చదివావా?" అంది డెల్ఫా.

"చదివాను."

"నీ గురించి రాసినవి కూడానా?"

"మొండిగాడిదన్నావు. రెండుసార్లు."

"సిగ్గులేదురా నీకు? నేను దాంతో చెప్పుకున్నాను. నీతో కాదు. ఆడవాళ్ళం మేం చెప్పుకున్న మాటలవి."

"నిజమే."

"ఎందుకు రాశావు? ఊరుకోవచ్చుగా. ఫోను పోయిందని చెప్పొచ్చుగా."

గేలన్ తలుపు చట్రానికి ఆనుకున్నాడు. "మొదటిసారి నువ్వు ఐసీయూలోంచి బయటికొచ్చి రాశావు. 'బతికే ఉన్నా' అని. ఆ రెండు మాటలే. దానికి జవాబు రాకపోతే నువ్వేమైపోతావోనని రాశాను. కోరలీ రాసినట్టే రాశాను. తరవాత..." ఆగాడు. "తరవాత నువ్వు రాసినప్పుడల్లా అది ఇంకా ఉన్నట్టుండేది. నీకోసమే అని బావతో అనేవాణ్ణి. నీ ఒక్కదానికోసమే కాదక్కా."

బట్టల యంత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో డెల్ఫాకి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. కుట్లమీద చెయ్యి అదిమిపెట్టుకుని, ముందుకు వంగి, నోరు తెరుచుకుని ఏడ్చింది. గేలన్ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర సిమెంటు మీద కూర్చున్నాడు.

"నేను దానికి రాసినవన్నీ?" అంది చివరికి. "పుట్టినరోజు శుభాకాంక్షలూ అవీ?"

"చెప్పాను. సమాధి దగ్గరికెళ్ళి చదివేవాణ్ణి. అన్నీ చదివాను. మొండిగాడిద కూడా."

ఆ మాటకి డెల్ఫాకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అలా నవ్వొచ్చినందుకు వాణ్ణి వీపు మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే.

మర్నాడు ముగ్గురూ శ్మశానానికి వెళ్ళారు. కోరలీ వాళ్ళమ్మ పక్కనే చోటు. గడ్డి అప్పుడే మొలిచిపోయింది. డెల్ఫాకి కొత్త మట్టి అయినా ఉండుంటే బాగుండేదనిపించింది. అందరూ ఏడ్చి, తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక తనొక్కతే వచ్చినట్టుంది.

"నేను దీన్ని సాగనంపలేదు" అంది. "నా వంతు నాకు కావాలి."

ఆ శనివారం కోరలీ పేరున భోజనాలు పెట్టడానికి పార్కు హాల్లో బల్లలు వేయించింది. హామ్ అనే పందిమాంసం పెట్టిన బన్నులు, చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపలు తెప్పించింది. పీచ్ పళ్ళతో 'పై' అనే తీపి రొట్టె తనే చేసింది. గేలన్ చుట్టుపక్కల ట్రైలర్ల వాళ్ళని పిలిచాడు, పాత వీధివాళ్ళని పిలిచాడు. అంబులెన్స్ వచ్చిన సాయంత్రం కోరలీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది పార్కు చూసుకునే మేబెత్ అని డెల్ఫాకి అక్కడే తెలిసింది. ఆ చేతినే పట్టుకుని చాలాసేపు అడిగింది: ఏమంది, చల్లగా ఉందా, భయపడిందా, నా పేరు ఎత్తిందా. మేబెత్ ఉన్నదున్నట్టు చెప్పింది. స్టవ్ కట్టెయ్యమందట. అంతే అందట. అబద్ధం చెప్పి మంచిమాట కల్పించలేదు. అందుకు డెల్ఫా ఆవిణ్ణి కావలించుకుంది.

రాయిస్‌తో మాత్రం ఆవిడ మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మందులు ఆయన అందిస్తే మింగేది, అంతే. నాలుగు రోజులనుకున్నది సెప్టెంబర్ దాకా సాగింది. ఒకరోజు ఆయన బండి కింద దూరి మురుగు గొట్టం బిగిస్తుంటే, పైన నిలబడి అంది:

"ఆ రోజు ఆసుపత్రిలో నేను కళ్ళు తెరవగానే నువ్వు నవ్వావు. నాకు గుర్తుంది. ఎలా నవ్వావు?"

రాయిస్ బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తెలీదు. తరవాత పార్కింగులోకెళ్ళి వాంతి చేసుకున్నాను."

డెల్ఫా కాసేపు ఆయన నెత్తి మీద పలచబడ్డ జుట్టు వైపు చూసింది.

"నా గుండె ఎంత మొయ్యగలదో ఇంకెప్పుడూ నువ్వు తేల్చకు."

"తేల్చను."

"లే. మోకాళ్ళు పట్టేస్తాయి."

అంతమాత్రాన అంతా మామూలైపోలేదు. చాలాకాలం ఆయన ఏదైనా సంగతి చెబితే, చెప్పనిదేమైనా ఉందా అన్నట్టు ఓ క్షణం ఆయన ముఖం వెతికేది.

బయల్దేరేటప్పుడు గేలన్‌ని తమతో రమ్మంది. రానన్నాడు. సమాధి దగ్గరగా ఉంటుందన్నాడు. మేబెత్ గేటు పని చూసుకోమందన్నాడు. బతిమాలితే వస్తాడేమోనని ఆశపడింది గానీ, వాడి ముఖం చూసి ఊరుకుంది.

"ఆదివారం ఆదివారం ఫోన్ చెయ్యి. రాయొద్దు, నోటితో మాట్లాడు."

"ఏం మాట్లాడను? దానంత బాగా నాకు రాదక్కా."

"నీకు వచ్చినట్టే మాట్లాడు."

ఆ ఆదివారం చేశాడు. ఉదయం కొండల మీద మంచు కనిపించిందని, తను ఓట్‌మీల్ జావ మాడగొట్టుకున్నానని చెప్పాడు. డెల్ఫా ఫోను చెవికి గట్టిగా అదుముకుని, "ఊఁ, తరవాత?" అంది.